లెక్కల మాస్టారూ, జవాబు చెప్పకండి

సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా ఎంత అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలను. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకి చెబుతున్నదే. ఆ రోజు మాత్రం బోర్డు మీద ఈక్వల్ టు గుర్తు దాకా రాసి ఆగిపోయాను. ఆ తర్వాత రాయాల్సింది ఒకటి. అంతే, ఒకటి అనే అంకె. నిలువుగా ఒక గీత. చెయ్యి లేవలేదు. చెవుల్లో హోరు, ఒళ్లంతా చెమట. వెనక నలభై మంది పిల్లలు నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుని చప్పుడు చేయకుండా కూర్చున్నారు. కాసేపటికి ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి మెల్లగా "ఒకటి సార్" అంది.

రాశాను. గంట కొట్టేదాకా ఎలాగో నిలబడ్డాను. స్టాఫ్ రూమ్‌కి మాత్రం వెళ్లలేదు. మెట్ల కింద సైకిళ్లు పెట్టే చోట కూర్చుండిపోయాను, తర్వాతి పీరియడ్ కూడా అయిపోయేదాకా.

అది ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. అప్పటికి ఆరేడు నెలలుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, ఇక కన్ను మూతపడేది కాదు. దిద్దాల్సిన పేపర్ల కట్ట మూడు వారాలైనా విప్పేవాణ్ని కాదు. ఇంట్లో ఎవరు పలకరించినా విసుగు. నేను దాన్ని వయసు అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "మీరు మీలా లేరండీ" అంటూనే ఉంది. డాక్టరు గారు డిప్రెషన్ అన్నారు, దానికి తోడు యాంగ్జైటీ అన్నారు. మందులు రాసి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆరుసార్లు వెళ్లాను. ఆరోసారి ఆయన, "మాస్టారూ, మీరొక గ్రూపు థెరపీలో చేరితే బాగుంటుంది. ఇలాంటి బాధ ఉన్నవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. ఇంకో మేడమ్ నడుపుతారు. ఎనిమిది మంది, పదహారు వారాలు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నా బాధే నేను మోయలేక ఇక్కడికి వస్తే, ఇంకో ఏడుగురి బాధ నెత్తిన పెడతారా? పైగా నలుగురిలో నోరు విప్పడమా? క్లాసులో నలభై మంది ముందు మాట్లాడటం వేరు. అక్కడ నేను చెప్పేది నా గురించి కాదు. ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ, లెక్క కూడా వేశాను. సెషన్ తొంభై నిమిషాలు. ఎనిమిదితో భాగిస్తే తలకి పదకొండుంపావు నిమిషాలు. ఒక్కణ్నే వెళ్తే యాభై నిమిషాలూ నావే. ఏ రకంగా చూసినా నష్టమే.

ఆ భాగహారం తప్పని ఇప్పుడు తెలుసు. ఎక్కడ తప్పిందో తెలియడానికి మాత్రం చాలా వారాలు పట్టింది.

చేరేముందు మేడమ్ నాతో విడిగా ముప్పావుగంట మాట్లాడారు. నా దగ్గర చదువుకున్న మొదటి బ్యాచ్ పిల్లల వయసుంటుంది ఆవిడకి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలున్నాయా, తాగుడు ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా లేని మాటలు వినిపించాయా అని నెమ్మదిగా, ఏ తడబాటూ లేకుండా అడిగారు. ఎందుకని అడిగితే, ఎవరికి ఇది సరిపోతుందో, ఎవరికి ముందు ఇంకో రకం వైద్యం కావాలో చూసుకోకుండా కూర్చోబెడితే వాళ్లకీ మంచిది కాదు, మిగతావాళ్లకీ మంచిది కాదన్నారు. ఆ జవాబుతోనే సగం నమ్మకం కుదిరింది. నేనూ క్లాసులో పిల్లల స్థాయి చూడకుండా పాఠం మొదలెట్టను కదా.

తర్వాత కట్టుబాట్లు చెప్పారు. ఇక్కడ విన్నది గడప దాటకూడదు. రాలేకపోతే ముందే చెప్పాలి. మాట్లాడకుండా కూర్చున్నా తప్పులేదు. బయట కలుసుకుంటే ఆ సంగతి వచ్చే వారం గ్రూపులో చెప్పేయాలి, చాటుమాటు కూటములు వద్దు. గోప్యత గురించి ఒక మాట దాపరికం లేకుండా చెప్పారు: "నా నోటికి నా వృత్తి తాళం వేసింది మాస్టారూ. మిగతా ఏడుగురి నోటికి వాళ్లిచ్చే మాటే తాళం. అంతకంటే గట్టి హామీ నేనివ్వలేను."

ఆఖరి కట్టుబాటు నా కోసమే పెట్టారేమో అనిపించింది. అడగకుండా ఎవరికీ సలహా చెప్పకూడదు.

ఇక్కడో మాట. ఆ గదిలోనివాళ్ల సంగతులు నేను రాయకూడదు. అందుకని మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. నేను ఎవరి మాటలు ఎక్కువగా రాస్తున్నానో ఆ ముగ్గురికీ ఇది ముందే చదివి వినిపించాను, సరేనన్నారు.

మొదటి వారం నన్ను ఇబ్బంది పెట్టింది మనుషులు కాదు, టేబుల్ లేకపోవడం. గుండ్రంగా కుర్చీలు వేసి ఉన్నాయి, మధ్యలో ఖాళీ నేల, ఆ నేల మీద టిష్యూల డబ్బా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా వంతు వచ్చినప్పుడు "లెక్కల మాస్టార్ని" అని మాత్రం చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి అందరికీ "మాస్టారు" అయిపోయాను. అది గౌరవం అనుకుని మురిసిపోయాను కూడా. దాని వెనక ఎంత హాయిగా దాక్కోవచ్చో అప్పటికి తెలియదు.

ఇలాంటిదొకటి ఎలా పుట్టిందో చదవకుండా ఉండలేని రకాన్ని. చదివితే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది మొదలైందే క్లాసుగా. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానిటోరియానికి, అంటే క్షయ ఆసుపత్రికి, వెళ్లే స్తోమత లేని క్షయ రోగుల్ని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి విశ్రాంతి గురించీ మంచి గాలి గురించీ పాఠం చెప్పేవాడు. వాళ్లు రోజూ జ్వరం ఎంతుందో, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారో నోటుపుస్తకాల్లో రాసుకొచ్చేవాళ్లు. దాన్ని ఆయన క్లాసు అనే అన్నాడు. అప్పటికి క్షయకి మందు లేదు. అయినా ఆ గదిలో వేరే ఏదో జరుగుతోందని ఆయన గమనించాడు: వేర్వేరు జాతులవాళ్లు, వేర్వేరు మతాలవాళ్లు, ఒక్క జబ్బు తప్ప ఉమ్మడి అంటూ ఏమీ లేనివాళ్లు, ఒకరికొకరు ఆసరా అవుతున్నారు. పాఠం చెప్పేది డాక్టరే. పని చేస్తున్నది మాత్రం పక్క బెంచీవాడు.

మూడో వారం నేను నేరం చేశాను.

మా గ్రూపులో ఒక కుర్రాడున్నాడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. లిఫ్టు ఎక్కితే ఊపిరాడదు. ఆఫీసు పదకొండో అంతస్తులో. రోజూ మెట్లెక్కి వెళ్లేవాడు. ఒళ్లు తగ్గించుకోవడానికని అందరికీ చెప్పేవాడు. ఆ రోజు మీటింగుకి బాస్‌తో కలిసి లిఫ్టు ఎక్కాల్సి వచ్చింది. ఆరో అంతస్తులో దిగిపోయి బాత్రూములో కూర్చున్నాడట. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది.

నేను ఆగలేకపోయాను. "చూడు బాబూ, ముందు నువ్వు పొద్దున్నే లేచి నడవాలి. ఫోను పక్కన పడేయాలి. రాత్రి పదింటికల్లా పడుకోవాలి. లిఫ్టులో ఒకటి నుంచి నూరు దాకా అంకెలు లెక్కపెట్టు. ప్రధాన సంఖ్యలైతే ఇంకా మంచిది." అవును, నిజంగానే ప్రధాన సంఖ్యలన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

అతను తలెత్తి చూశాడు. కన్నీళ్లు ఆగిపోయాయి. ముఖంలో ఒక రకమైన మర్యాద వచ్చి కూర్చుంది. "సరే అంకుల్" అన్నాడు.

మేడమ్ నన్నేమీ అనలేదు. అతన్ని అడిగారు: "ఇప్పుడు ఏం జరిగింది?" చాలాసేపటికి చెప్పాడు. "ఏం లేదు మేడమ్. మా నాన్న కూడా అచ్చం ఇలాగే అంటాడు. నేను చెప్పడం మొదలెట్టగానే జవాబు వచ్చేస్తుంది. ఇక చెప్పడానికి ఏం ఉండదు."

ఇంకో రెండు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మేడమ్ నా వైపు తిరిగి, "మాస్టారూ, సలహా చెప్పకముందు, ఒక్క క్షణం ముందు, మీకేమైంది?" అన్నారు.

నాకు తెలియదనే చెప్పాను. కానీ ఇంటికి వెళ్లే దారిలో తెలిసింది. భయమేసింది. అతని గొంతు పూడుకుపోతుంటే నాకు ఊపిరి ఆడలేదు. దాన్ని ఎలాగైనా ఆపాలి. నాకు తెలిసిన స్విచ్ ఒక్కటే, జవాబు. ఇన్నేళ్లూ నేను ఇంట్లో ఆ స్విచ్ ఎన్నిసార్లు నొక్కానో, ఎవరి మీద నొక్కానో కూడా అప్పుడే తెలిసింది. మా అబ్బాయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తాడు. రెండేళ్లుగా వాడి ఫోన్లన్నీ వాళ్లమ్మకే. నాతో మాట్లాడేది "బాగున్నావా నాన్నా, అమ్మకివ్వు" అంతే. వాడు బిజీ అనుకునేవాణ్ని.

ఈ రంగంలో పెద్ద పేరున్న అమెరికన్ డాక్టరు ఇర్విన్ యాలోమ్, గ్రూపులో మనిషి దేనివల్ల బాగుపడతాడో పదకొండు అంశాలుగా చెప్పాడు. ఆశ కలగడం, నాలాంటివాళ్లున్నారని తెలియడం, ఇతరులకి పనికిరావడం, ఒకరినొకరు చూసి నేర్చుకోవడం, ఇలా. అందులో ఒకటి ఇది: గ్రూపు మెల్లమెల్లగా మనిషి పుట్టి పెరిగిన ఇల్లులా మారుతుంది, ఆ ఇంట్లో ఎలా ఉండేవాడో ఇక్కడా అలాగే ఉంటాడు, కాకపోతే ఇక్కడ కథ వేరే రకంగా ముగిసే వీలుంది. పుస్తకాల్లో ఇది చదివి ఉంటే తలూపి పేజీ తిప్పేసేవాణ్ని. "సరే అంకుల్" అన్న ఆ రెండు మాటలు విన్నాక తిప్పలేకపోయాను. ఆ కుర్రాడికి నేను వాళ్ల నాన్ననయ్యాను. నాకు వాడు మా అబ్బాయయ్యాడు.

తర్వాతి వారం అతనికి క్షమాపణ చెబుదామని వెళ్లి, చెప్పలేక, ఆ బోర్డు సంగతి చెప్పాను. ఈక్వల్ టు తర్వాత ఒకటి రాయలేకపోయిన సంగతి. మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు అప్పటికి. ఎవరూ జవాబు చెప్పలేదు. కుర్రాడు మాత్రం కుర్చీ కొద్దిగా ముందుకి జరుపుకుని, "ఆ అమ్మాయి ఒకటి అని చెప్పినప్పుడు మీకు ఇంకా భయమేసిందా, కాస్త తగ్గిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తగ్గిందని చెప్పాను. అప్పుడే గమనించాను, తగ్గిందని.

అయిదో వారం పోట్లాట. వ్యాపారం చేసే ఒకాయన, ప్రతి వారం సగం సేపు తనే మాట్లాడేవాడు. తమ్ముడు మోసం చేసిన కథ, మళ్లీ మళ్లీ, కొత్త కొత్త వివరాలతో. కిటికీ పక్కన కూర్చునే పెద్దావిడ, బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైన మనిషి, ఆ రోజు అనేసింది: "బాబూ, నువ్వు మాట్లాడుతుంటే నేను గడియారం చూస్తున్నాను. అలా చూస్తున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. అందుకే చెప్పేస్తున్నా." ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే నోరు మూసుకోమంటారా?" అని లేచి తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు. మేడమ్ వెనకాల పరిగెత్తలేదు. నాకు అది అన్యాయంగా తోచింది, గట్టిగానే చెప్పాను. "ఆయనకి తిరిగొచ్చే అవకాశం ఇస్తున్నాను" అన్నారు.

1965లో బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చిన్న బృందాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ఏ బృందమైనా నాలుగు మెట్లు దాటుతుందని రాశాడు. ముందు మర్యాదగా కూడటం, తర్వాత గొడవ పడటం, తర్వాత కుదురుకోవడం, ఆ తర్వాతే అసలు పని. జీవితం అంత వరసగా నడవదనుకోండి. మా గ్రూపు తొమ్మిదో వారంలో మళ్లీ గొడవపడింది, ఏసీ గురించి.

తలుపు వేసి వెళ్లిపోయిన వ్యాపారం ఆయన తర్వాతి వారం వచ్చాడు. కూర్చుని కాసేపు గోళ్లు చూసుకుని, "మా ఇంట్లో కూడా నేను మొదలెట్టగానే ఒక్కొక్కరూ లేచిపోతారు. ఎందుకు లేస్తారో ఇప్పటిదాకా ఎవరూ మొహం మీద చెప్పలేదు. ఈవిడ చెప్పింది" అన్నాడు. పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. సైకాలజిస్టు ఎదురుగా ఒక్కడే కూర్చుని యాభై నిమిషాలు మాట్లాడితే ఆయనకి ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. అక్కడ వినడం అవతలి మనిషి ఉద్యోగం. గడియారం చూసేవాళ్లు ఉండరు.

ఏడో వారం గురించి ఎక్కువ రాయాలని ఉంది. మేడమ్ తలా ఒక చీటీ ఇచ్చారు, ఒకే రకం పెన్నులిచ్చారు. ఈ గదిలో ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదనుకునే ఒక్క సంగతి రాయమన్నారు, పేరు వద్దు. చీటీలన్నీ కలిపి తలా ఒకటి పంచారు. నీకు వచ్చిన చీటీ నీదే అన్నట్టు చదవాలి, ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో చెప్పాలి. ఇది యాలోమ్ ఎప్పుడో చేయించిన ప్రయోగమే. ఆయన లెక్కలో మనుషులు అందరికంటే ఎక్కువగా దాచుకునేది నేరాలూ కాదు, అక్రమ సంబంధాలూ కాదు. "నాకు నిజానికి ఏమీ చేతకాదు, ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొస్తున్నాను, ఏదో ఒకరోజు దొరికిపోతాను" అన్న లోలోపలి నమ్మకం. రెండోది, నాకు ఎవరి మీదా నిజమైన ప్రేమ లేదేమో అన్న అనుమానం.

అదేదీ నాకు అప్పటికి తెలియదు. నా చేతికి వచ్చిన చీటీ విప్పాను. "నాకేమీ రాదు. వచ్చినట్టు నటిస్తున్నాను. ఇంకా ఎన్నాళ్లో." గుండె జారిపోయింది. నా చీటీ నాకే వచ్చిందనుకున్నాను. నేను రాసింది దాదాపు ఇదే. చీటీ మార్చమని అడగడానికి తల కూడా ఎత్తాను. అప్పుడు చేతిరాత చూశాను. పాతికేళ్లు చేతిరాతలు దిద్దిన కళ్లివి. నాది కాదు. నా 'న'కారం అలా ఉండదు.

అంతలో నా ఎడమ పక్కన ఎవరో చదువుతున్నారు: "క్లాసులోకి అడుగు పెట్టిన ప్రతిసారీ ఈ రోజు దొరికిపోతానని అనుకుంటాను." అదీ నా చీటీ. క్లాసు అని రాసేశాను, ఎంత దాచినా దాగేది కాదు. ఎవరూ నా వైపు చూడలేదు. అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. మిగతా అయిదు చీటీల్లో ఇంకో రెండు అదే పాట. అంటే అప్పటికి మిగిలిన ఏడుగురిలో నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే వాక్యాన్ని కడుపులో పెట్టుకుని వారం వారం గుండ్రంగా కూర్చుంటున్నాం.

నా భాగహారం తప్పింది ఇక్కడే. తొంభై నిమిషాల్ని ఎనిమిదితో భాగించాను, ఎవరు మాట్లాడితే ఆ నిమిషాలు వాళ్లవే అనుకుని. ఆ చీటీ చదివిన రెండు నిమిషాలు ఎవరి ఖాతాలో వేయాలి?

ఇక, పని చేస్తుందా అన్న ప్రశ్న. మనసుకి హాయిగా ఉండటం వేరు, జబ్బు తగ్గడం వేరు. నేను అంకెలు చూడకుండా నమ్మే మనిషిని కాను. నన్ను కదిలించిన అధ్యయనం ఉగాండాలో జరిగింది, 2003లో అచ్చయింది. మసాకా, రాకాయి జిల్లాల్లో ముప్ఫై ఊళ్లు. డిప్రెషన్ అన్న మన మాటతో మొదలుపెట్టకుండా, అక్కడి జనం లుగాండా భాషలో వాడే రెండు మాటలు పట్టుకున్నారు. ఒకదానికి అర్థం తనని తాను అసహ్యించుకోవడం, రెండోదానికి తన మీద తాను జాలిపడటం. గ్రూపులు నడిపినవాళ్లు డాక్టర్లు కారు, రెండు వారాల శిక్షణ తీసుకున్న అక్కడి మనుషులే. ఆడవాళ్లకి వేరుగా, మగవాళ్లకి వేరుగా, వారానికి తొంభై నిమిషాలు, పదహారు వారాలు. గ్రూపులున్న ఊళ్లలో ఆ బాధితుల్లో మొదట 86 శాతం మందికి డిప్రెషన్ ఉంటే చివరికి 6.5 శాతానికి దిగింది. గ్రూపులు లేని ఊళ్లలో 94 నుంచి 54.7కి దిగింది.

పిల్లలకి చెప్పినట్టు ఇక్కడ ఆగి చెప్పాలి. రెండో అంకె చూడండి. ఏమీ చేయకపోయినా చాలామందికి తగ్గింది. కాలానికి కూడా కొంత చలవ ఉంది. అందుకే "గ్రూపుకెళ్లాను, తగ్గింది" అని నాలాంటివాడు చెప్పే కథ ఒక్కటే రుజువు కాదు. పక్కన పోల్చడానికి ఇంకో ఊరు ఉండాలి. ఉంది కాబట్టే ఆ తేడా నమ్మదగ్గది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ పద్ధతిని ఎనిమిది సెషన్లకి కుదించి ఎవరైనా వాడుకునేలా మార్గదర్శిగా విడుదల చేసింది. గ్రూపు వైద్యాన్నీ విడిగా చేసే వైద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లోనూ మొత్తం మీద ఫలితం ఇంచుమించు సమానంగానే వచ్చింది.

అతిగా నమ్మినా చేదే. 1989లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన డేవిడ్ స్పీగల్, ముదిరిన రొమ్ము క్యాన్సరున్న 86 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, గ్రూపుకి వెళ్లినవాళ్లు సగటున 36.6 నెలలు, వెళ్లనివాళ్లు 18.9 నెలలు బతికారని తేలింది. మనసు బాగుంటే ఆయుష్షు రెట్టింపని ప్రపంచమంతా చెప్పుకుంది. 2001లో కెనడాలో 235 మందితో మళ్లీ చేస్తే ఆయుష్షులో తేడా రాలేదు. 2007లో స్పీగల్ తానే మళ్లీ చేశాడు, మొత్తం మీద ఆయనకీ రాలేదు. ఆ మాట ఆయనే అచ్చువేశాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం అక్కడే పుట్టింది. కెనడా అధ్యయనంలో ఒకటి మాత్రం నిలిచింది: గ్రూపుకి వెళ్లినవాళ్లకి మనసులో కుంగుబాటు తగ్గింది, నొప్పి తగ్గింది. నన్నడిగితే అది చిన్న సంగతి కాదు.

అందరికీ ఇది కుదరలేదు మా దగ్గర కూడా. ఒకమ్మాయి నాలుగో వారం తర్వాత రాలేదు. ఇతరుల ఏడుపు విన్న రాత్రి తనకి నిద్రపట్టడం లేదని మేడమ్‌కి చెప్పిందట, విడిగా వేరే చోట చూపించుకుంటోంది. ఆమె కుర్చీ తీసేద్దామా ఉంచుదామా అని అరగంట మాట్లాడుకున్నాం. నాకూ ఆరో వారంలో ముందుకంటే ఎక్కువ పాడైంది. మానేద్దామనుకున్నాను. మందులు అప్పుడూ ఆపలేదు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. గ్రూపు నా మందులకి బదులు రాలేదు, పక్కన వచ్చి నిలబడింది.

గ్రూపు పేరుతో జరిగే ప్రతిదీ ఇదే కాదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట ఒక దుర్ఘటన తర్వాత అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, చేతికి మైకిచ్చి, ఆ రోజు ఏం చూశారో ఒక్కొక్కరూ చెప్పాల్సిందేనన్నారు. చెప్పకపోతే బండరాయి అన్నట్టు చూశారు. ఒకావిడ చెబుతూ కుప్పకూలిపోయింది. మధ్యాహ్నానికి ఆ బృందం వెళ్లిపోయింది, మళ్లీ ఎవరూ వచ్చి పలకరించలేదు. జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. అది చూసిన భయం కూడా నన్ను గ్రూపంటే వెనక్కి లాగిందేమో.

కాబట్టి చేరాలనుకునేవాళ్లు నడిపే మనిషి ఎవరో, ఏం చదివారో ముందు అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర చేరకండి. చేర్చుకునేముందు మీతో విడిగా మాట్లాడతారా, మధ్యలో కొత్తవాళ్లు వస్తారా లేక మొదలైన ఎనిమిది మందే చివరిదాకానా, ఒక వారం మీ పరిస్థితి బాగా దిగజారితే ఎవరికి చెప్పాలి, ఇవి కూడా. నిపుణులు లేకుండా బాధితులే నడుపుకునే గ్రూపులు వేరే రకం. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడు మానాలనుకున్న ఇద్దరు మనుషులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈనాటికీ దేశదేశాల్లో నడుస్తోంది. అవీ మంచివే, కానీ అక్కడ వైద్యం ఆశించకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన తరుముతుంటే మాత్రం గ్రూపు మొదలయ్యేదాకా ఆగకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి.

మా గ్రూపులో ఒకాయన, ఆ చీటీ చదవడం తప్ప, పదకొండు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. పేరు చెప్పాడు, వచ్చాడు, కూర్చున్నాడు, వెళ్లాడు. ఇతను ఎందుకొస్తున్నాడబ్బా అనుకునేవాణ్ని. క్లాసులో అలాంటి పిల్లాడుంటే లేపి ప్రశ్న అడిగేవాణ్ని. పన్నెండో వారం, నేను ఏదో చెప్పి ఆపాక, ఆయన ఉన్నట్టుండి, "మాస్టారు ఈ మధ్య చాక్‌పీసు పట్టుకోవడం లేదు" అన్నాడు.

అందరం చూశాం. ఆయన తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మధ్యలో ఏదో చిన్నది పట్టుకున్నట్టు. "మొదట్నుంచీ మాట్లాడేటప్పుడు ఇలా పట్టుకునేవారు. మూడు వారాలుగా లేదు."

నాకే తెలియదు. మా ఆవిడకి తెలియదు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాను, ఖాళీగా ఉంది.

టక్‌మన్ తర్వాత పన్నెండేళ్లకి తన నాలుగు మెట్లకి అయిదోది కలిపాడు, విడిపోవడం. పదహారో వారం పెద్దగా ఏమీ జరగలేదు. వ్యాపారం ఆయన తక్కువ మాట్లాడాడు. కుర్రాడు ఇప్పటికీ లిఫ్టు ఎక్కడు, కానీ ఎందుకు ఎక్కలేకపోతున్నాడో ఆఫీసులో ఇద్దరికి చెప్పాడట. పెద్దావిడ ఎవరికీ కనపడకుండా ఏడవబోయి అందరికీ కనపడేలా ఏడ్చింది. నేను మళ్లీ క్లాసులకి వెళ్తున్నాను. మూడింటి మెలకువ ఇంకా వారానికి ఒకటి రెండుసార్లు వస్తోంది, డాక్టరు గారు మందు మెల్లగా తగ్గిస్తున్నారు.

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోను చేశాడు. వాళ్లమ్మ బయటికెళ్లింది, నేనే ఎత్తాను. "బాగున్నావా నాన్నా, అమ్మకి..." అని ఆగాడు. లేదురా, నువ్వెలా ఉన్నావు అన్నాను. ఏదో అనబోయి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానన్నాడు. నా నాలుక మీదకి కనీసం నాలుగు జవాబులొచ్చాయి. ఫోను చెవికి గట్టిగా అదిమి పెట్టుకుని కూర్చున్నాను. మేనేజర్ గురించి చెప్పాడు, రాత్రిళ్ల గురించి చెప్పాడు, పొద్దున్నే ఆఫీసు మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయని చెప్పాడు. నేను ఊఁ కొడుతున్నాను. ఫోను తీసి చూస్తే అప్పటికి పదకొండు నిమిషాలైంది.

"నాన్నా," అన్నాడు వాడు అనుమానంగా, "లైన్లో ఉన్నావా?"

"ఉన్నాన్రా. చెప్పు."